తెగేదాకా లాగొద్దు

బరువెత్తే బెల్టుకూ, ఇనుప తాడుకూ ఓ హద్దుంది

సోమాజిగూడ: పంజాగుట్ట చౌరస్తా దాటి రాజ్‌భవన్ రోడ్డు వైపు నడిచేవారికి ఎక్కడో ఒకచోట కొత్త మేడ లేస్తూ కనిపిస్తుంది. పైన క్రేను చెయ్యి తిరుగుతుంటుంది. కింద ఇనుప చువ్వల కట్ట నేల విడిచి గాలిలోకి లేస్తుంది. రోడ్డు మీద పోయేవారు ఒక్క క్షణం ఆగి చూసి, అబ్బో ఎంత పెద్ద క్రేనో అనుకుంటూ వెళ్లిపోతారు.

క్రేను పెద్దదే. కాని ఆ కట్టను క్రేను కొక్కేనికి పట్టి ఉంచేది మాత్రం బెత్తెడు వెడల్పయినా లేని ఒక బెల్టు, లేదా బొటనవేలు లావు ఇనుప తాడు. పనివాళ్లు దీన్ని స్లింగు అంటారు. చాలామంది బెల్టు అనే పిలుస్తారు. క్రేను నడపడానికి శిక్షణ పొందిన ఆపరేటరు ఉంటాడు. బెల్టు కట్టేది మాత్రం ఎక్కువ చోట్ల పాలమూరు, నల్లగొండ, మెదక్ పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీ మనిషే.

అతనికి పనిలో చేరిన మొదటి రోజే ‘ఆ బెల్టు వెయ్యి’ అని పురమాయిస్తారు. ఏ బరువుకు ఏ బెల్టు వెయ్యాలో, ఎలా వేస్తే ఎంత మోస్తుందో కూర్చోబెట్టి చెప్పేవారు తక్కువ. పక్కవాడిని చూసి నేర్చుకోవాలి. పక్కవాడు తప్పుగా నేర్చుకుని ఉంటే ఆ తప్పే ఇతనికీ అబ్బుతుంది. అది బయటపడేది బెల్టు తెగిన రోజునే.

పట్నంలో నేర్చిన ఆ పనితనమే పండుగకు ఊరొచ్చినప్పుడు బోరు మోటారు తియ్యడానికీ, బావి పూడిక ఎత్తడానికీ వాడతారు. అందుకే ఇది పట్నం ముచ్చట మాత్రమే కాదు. తాడుతో బరువెత్తే ప్రతి ఊరికీ సంబంధించినది.

ఏడు రెట్లు ఎవరి సొత్తు?

ప్రతి బెల్టుకూ ఒక చీటీ కుట్టి ఉంటుంది. దాని మీద ఒక అంకె ఉంటుంది. 1 టన్ను, 2 టన్నులు, 3 టన్నులు ఇలా. ఆ బెల్టుతో సురక్షితంగా ఎత్తదగిన బరువు అది. అంతకు ఒక్క కిలో ఎక్కువైతే బెల్టు తెగిపోతుందా అంటే, తెగదు. తెగకపోవడంలోనే ప్రమాదం దాగి ఉంది.

పాలియెస్టరు బెల్టులను తయారుచేసేటప్పుడు చీటీ మీద రాసిన బరువుకు 7 రెట్లు బలం ఉండేలా నేస్తారు. అంటే 1 టన్ను బెల్టు కొత్తగా ఉన్నప్పుడు, నిటారుగా, నెమ్మదిగా లాగితే 7 టన్నుల వరకు తట్టుకోవాలి. ఇనుప తాడు స్లింగులకు సాధారణంగా 5 రెట్లు, గొలుసులకు 4 రెట్లు ఉంచుతారు. దీన్నే భద్రతా గుణకం అంటారు.

ఈ సంగతి సగం తెలిసిన మేస్త్రి ‘ఏడు రెట్లు ఉంది కదా, రెండు టన్నులు ఎత్తితే ఏమవుతుంది’ అంటాడు. ఒకసారి ఎత్తుతాడు, ఏమీ కాదు. పదిసార్లు ఎత్తుతాడు, అప్పుడూ ఏమీ కాదు. ఇక అదే అలవాటవుతుంది.

నిజానికి ఆ ఆరు రెట్లు మన సొత్తు కాదు. వాటిని అనుభవించేవారు వేరే ఉన్నారు. క్రేను ఒక్కసారిగా కుదిపితే ఆ కుదుపు తన వంతు తీసుకుంటుంది. వదులుగా ఉన్న బెల్టు మీద బరువు అకస్మాత్తుగా పడితే, కిందికి జారకపోయినా సరే, ఆ క్షణంలో బెల్టు మీద పడే లాగుడు అసలు బరువుకు రెండింతలవుతుంది. జానెడు జారి ఆగితే ఇంకా ఎన్నో రెట్లు. ఎండ కొంత తినేస్తుంది. ఇనుప అంచుల రాపిడి కొంత కోసేస్తుంది. బరువు అంచనాలో మనం చేసే పొరపాటు ఇంకొంత పట్టుకుపోతుంది. ఇవన్నీ కలిసివచ్చే రోజు ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఆ రోజు కోసం దాచిన బలం అది. ఇంట్లో విత్తనం గింజల వంటిది. ఆకలేసిందని విత్తనాలు వండుకుంటే ఆ పూట గడుస్తుంది, వానలు పడ్డాక చెయ్యి చూసుకోవాలి.

రంగు చూసి తెలుసుకోవచ్చు

చదువురాని కూలీ కూడా గుర్తుపట్టేలా బెల్టులకు రంగులు పెట్టారు. యూరపు ప్రమాణాల్లో స్థిరపడిన ఈ రంగులే మన దగ్గర దొరికే బెల్టుల్లోనూ ఎక్కువగా కనిపిస్తాయి. ఊదా రంగు 1 టన్ను. ఆకుపచ్చ 2 టన్నులు. పసుపు 3 టన్నులు. బూడిద రంగు 4 టన్నులు. ఎరుపు 5 టన్నులు. గోధుమ రంగు 6 టన్నులు. నీలం 8 టన్నులు. నారింజ 10 టన్నులు, ఆపైన. చాలా బెల్టుల మీద పొడుగునా నల్ల గీతలు కూడా ఉంటాయి. టన్నుకు ఒక గీత చొప్పున లెక్కపెట్టుకోవచ్చు.

అయితే రంగు ఒక్కటే చూసి నమ్మరాదు. ఎండకు, సిమెంటు దుమ్ముకు రంగు మారుతుంది. ఆకుపచ్చ వెలిసి పసుపులా కనిపించవచ్చు. రెండు టన్నుల బెల్టు మూడు టన్నులదిగా చెలామణి అవుతుంది. అందుకే చీటీ చదవాలి. చీటీ లేని బెల్టు ఎంత కొత్తగా కనిపించినా బరువెత్తడానికి పనికిరాదు.

చీటీకీ ఓ రంగుంది. నీలం చీటీ అయితే పాలియెస్టరు. ఆకుపచ్చ చీటీ అయితే నైలాను. సున్నం, కాస్టిక్ వంటి ఘాటైన క్షారాలు పాలియెస్టరును తినేస్తాయి. బ్యాటరీ ఆమ్లం నైలానును పాడుచేస్తుంది. ట్రాక్టరు బ్యాటరీ పక్కన చుట్టపెట్టి పడేసిన బెల్టు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల చచ్చి ఉంటుంది.

ఇద్దరు మోసే బిందె

బెల్టు కట్టేవారు ఎక్కువగా దెబ్బతినేది కోణం దగ్గర. ఇంజినీరింగు చదవకపోయినా దీన్ని అర్థం చేసుకోవచ్చు.

నీళ్ల బిందెకు రెండు తాళ్లు కట్టి ఇద్దరు మనుషులు చెరొక తాడు పట్టుకుని ఎత్తారనుకుందాం. ఇద్దరూ దగ్గరగా నిలబడితే తాళ్లు నిటారుగా ఉంటాయి. చెరి సగం బరువు పడుతుంది. ఇద్దరూ ఒకరికొకరు దూరం జరిగే కొద్దీ తాళ్లు అడ్డంగా సాగుతాయి, చేతులు పీకుతాయి. బిందెలో నీళ్లు పెరగలేదు. అయినా బరువు పెరిగినట్టుంటుంది. తాళ్లను పూర్తిగా అడ్డంగా, దండెంలా బిగించి బిందెను నిలపాలంటే ఇద్దరు పహిల్వాన్ల తరం కూడా కాదు.

బెల్టు సంగతీ ఇంతే. ఒక టన్ను బరువును రెండు కాళ్ల స్లింగుతో ఎత్తుతున్నప్పుడు, రెండు కాళ్లూ నిటారుగా ఉంటే ఒక్కో కాలి మీద 500 కిలోలు పడతాయి. రెండు కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కోదాని మీద సుమారు 580 కిలోలు. 90 డిగ్రీలైతే సుమారు 710 కిలోలు. 120 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కో కాలి మీద మొత్తం టన్ను పడుతుంది. అంటే రెండు బెల్టులు వేసిన లాభం పూర్తిగా పోయినట్టే. 150 డిగ్రీలైతే ఒక్కో కాలి మీద 1,930 కిలోలు. ఎత్తేది ఒక టన్నే, ఒక్కో బెల్టు మోసేది దాదాపు రెండు టన్నులు.

కోణం కొలిచే పరికరం పల్లెటూరి కూలీ దగ్గర ఉండదు. అవసరం కూడా లేదు. ఒక చిన్న గుర్తు చాలు. బరువుకు బెల్టు తగిలించిన రెండు చోట్ల మధ్య ఎంత దూరం ఉందో చూడాలి. ఒక్కో కాలి పొడవు కనీసం అంత ఉండాలి. రెండూ సమానంగా ఉంటే మూడు వైపులా సమానమైన త్రిభుజం ఏర్పడుతుంది, కోణం 60 డిగ్రీలే అవుతుంది. కాలు ఇంకా పొడవైతే ఇంకా మంచిది. కాలు పొట్టిగా ఉండి బెల్టు పరుచుకున్నట్టు కనిపిస్తే ఆగి పొడవు బెల్టు తెచ్చుకోవాలి. బరువు ఎక్కువ ఎత్తుకు లేపాలనే తొందరలో పొట్టి బెల్టు వాడడమే చాలాచోట్ల జరిగే తప్పు.

కట్టే తీరును బట్టి మోత

ఒకే బెల్టు, కట్టే తీరు మారితే మోసే బరువు మారుతుంది. కొక్కేనికి నిటారుగా వేలాడదీస్తే చీటీ మీద ఉన్నంత మోస్తుంది. ఉచ్చు వేసి బిగిస్తే, ఆ ఉచ్చు దగ్గర బెల్టు ఒత్తిడికి గురై మోత తగ్గుతుంది. అప్పుడు నూటికి 80 వంతులే లెక్కపెట్టాలి. 1 టన్ను బెల్టు ఉచ్చు వేస్తే 800 కిలోలకే పరిమితం. బరువు కింద నుంచి తిప్పి, రెండు కొసలూ పైకి తెచ్చి, ఉట్టిలా నిటారుగా వేస్తే రెండింతలు మోస్తుంది. అయితే ఉట్టి కట్టులో బరువు పక్కకు జారే భయం ఉంది.

భవనాల దగ్గర రోజూ ఎత్తే 12 మిల్లీమీటర్ల చువ్వల కట్టనే తీసుకుందాం. చువ్వ బరువు లెక్క కడ్డీలు వంచే ప్రతి మేస్త్రికీ కంఠతా వచ్చినదే. చువ్వ లావును మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుంది. 12 మిల్లీమీటర్లకు 144ను 162తో భాగిస్తే మీటరుకు దాదాపు 890 గ్రాములు. 12 మీటర్ల చువ్వ సుమారు 10 కిలోల 700 గ్రాములు. వంద చువ్వల కట్ట 1,070 కిలోలు.

ఈ కట్టను నడిమికి ఒకే ఒక ఊదా రంగు బెల్టు ఉచ్చు వేసి ఎత్తడం తరచు కనిపించే దృశ్యం. ఆ ఉచ్చు మోయదగింది 800 కిలోలే. పైగా పొడవైన కట్ట ఒక కట్టు మీద తరాజులా ఊగుతుంది, చువ్వలు జారుతాయి. రెండు బెల్టులు రెండు చోట్ల ఉచ్చు వేసి, మధ్య కోణం 60 డిగ్రీలు దాటకుండా ఎత్తితే ఒక్కోదాని మీద సుమారు 620 కిలోలే పడతాయి. 800 లోపలే ఉన్నాం. అవే రెండు బెల్టులను 120 డిగ్రీలకు సాగదీసి ఎత్తితే ఒక్కోదాని మీద 1,070 కిలోలు పడతాయి. హద్దు దాటేశాం. బెల్టులు అవే, కట్ట అదే, క్రేను అదే. తేడా అంతా కట్టిన చేతిలో ఉంది.

నాలుగు కాళ్ల స్లింగు వేశాం కాబట్టి బరువు నాలుగు భాగాలవుతుందనుకోవడం కూడా పొరపాటే. ఎగుడుదిగుడు నేల మీద మంచం వేస్తే ఒక కోడు గాలిలో తేలుతుంది. గట్టి దిమ్మెను నాలుగు కాళ్లతో ఎత్తినప్పుడూ అలాగే ఒకటి రెండు కాళ్లు వదులుగా ఉండిపోవచ్చు. కాబట్టి కదలని గట్టి బరువులకు మొత్తం భారమంతా రెండు కాళ్ల మీదే పడుతుందని లెక్క వేసుకోవడం క్షేమం.

బరువెంతో ముందు తేల్చాలి

బెల్టు మోత తెలిసినా ఎత్తేదాని బరువు తెలియకపోతే లాభం లేదు. కొన్ని అంకెలు గుర్తుంచుకుంటే అంచనా దొరుకుతుంది. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న నీళ్లు ఒక టన్ను. అదే కొలత కాంక్రీటు సుమారు రెండున్నర టన్నులు. గ్రానైటు రాయి సుమారు 2 టన్నుల 700 కిలోలు. ఇనుము 7 టన్నుల 850 కిలోలు. 3 మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, అరడుగు మందం ఉన్న కాంక్రీటు పలక చూడటానికి చిన్నదే. కాని టన్ను దాటుతుంది.

బరువెంతో తెలిస్తే సగం పని అయినట్టు. ఆ బరువు ఎక్కడ కేంద్రీకరించి ఉందో తెలియడం మిగతా సగం. దీనికి సోమాజిగూడకు ఎంతో దూరం లేని హుస్సేన్ సాగర్‌లో నిలబడ్డ బుద్ధ విగ్రహమే సాక్షి. రాయగిరి దగ్గరి రాతిలో ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో మలచిన ఆ విగ్రహం ఎత్తు 58 అడుగులు, బరువు సుమారు 350 టన్నులు. 1988 నవంబరులో 192 చక్రాల వాహనం మీద దాన్ని పట్నం చేర్చారు. రోడ్డు పొడుగునా జనం నిలబడి చూశారు. నేల మీద అంత దూరం క్షేమంగా వచ్చిన విగ్రహం, 1990 మార్చి 10న నీటి మీద తీసుకుపోతుండగా పడవ ఒరిగి సాగరంలో పడిపోయింది. పనిలో ఉన్నవారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉన్న విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న లేపి, సాగరం నడుమ ఉన్న వేదిక మీద నిలబెట్టారు.

చిన్న బరువుకైనా పెద్ద బరువుకైనా సూత్రం ఒకటే. భారం ఒక పక్కకు ఒరిగితే అది తన దారి తానే వెతుక్కుంటుంది. క్రేను కొక్కెం సరిగ్గా బరువు నడిమధ్య మీదికి రావాలి. పక్కకు ఉంటే నేల విడవగానే బరువు ఊగి, బెల్టు జారి, ఒకే కాలి మీద భారమంతా పడుతుంది. అందుకే మొదట బెత్తెడు ఎత్తి ఆపాలి. ఒరుగుతుందా, బెల్టు జారుతుందా చూడాలి. ఒరిగితే దించి మళ్లీ కట్టాలి. ఆ రెండు నిమిషాలు దండగ కాదు.

బావి దగ్గర, బోరు దగ్గర

ఇదంతా పట్నం మేడల వ్యవహారం అనుకునే రైతులు తమ పొలంలో బోరు మోటారు పైకి తీసే రోజును గుర్తు చేసుకోవాలి. మూడు కాళ్ల స్టాండు వేసి చైన్ పుల్లీ తగిలిస్తారు. రెండంగుళాల జీఐ పైపు మీటరుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. 200 అడుగుల లోతులో మోటారు ఉంటే పైపుల బరువే 300 కిలోలు. పైపులో నీళ్లు నిలిచి ఉంటే ఇంకో 130 కిలోలు. మోటారు, పంపు, కేబులు బరువు వేరు. అంటే దాదాపు అయిదు క్వింటాళ్లు. బోరు 600 అడుగులైతే పైపులు, నీళ్లే కలిసి 1,300 కిలోలు అవుతాయి. ఒక టన్ను చైన్ పుల్లీతో దాన్ని లాగడమంటే హద్దు మీరడమే. నీళ్ల బరువు కళ్లకు కనపడదు కాబట్టి చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు.

మోటారు లోపల ఇరుక్కుంటే పరిస్థితి మరీ విషమిస్తుంది. అప్పుడు లాగేది బరువును కాదు, భూమిని. ఎంత లాగినా రాదు. ట్రాక్టరు కట్టి ఒక్క ఊపు ఊపితే ఆ ఊపు మొత్తం తాడు మీద పడుతుంది. తెగిన తాడు కొరడాలా వెనక్కి వచ్చి కొడుతుంది. తాడు వరుసలో నిలబడినవాడి మీదికే వస్తుంది. ఇరుక్కున్నప్పుడు తాడు వరుసలో, తాడు మడత లోపల ఎవరూ నిలబడకుండా చూడాలి. గుంజే బలం పెంచే ముందు ఆ పని తెలిసిన మనిషిని పిలవడం మంచిది.

బావి పూడిక తీసేటప్పుడు డబ్బా కింద మనుషులు ఉంటారు. పారిపోదామన్నా చోటుండదు. తడి పూడిక మట్టి ఒక ఘనపు మీటరు 1,800 కిలోలకు తక్కువ ఉండదు. అర ఘనపు మీటరు పట్టే డబ్బా నిండితే 900 కిలోలు, డబ్బా బరువు అదనం. డబ్బా పైకి లేస్తున్నప్పుడు కింద ఉన్నవారు గోడ వారగా, డబ్బా దారికి దూరంగా ఉండాలి. డబ్బాను గోరుగా నింపరాదు. పైనుంచి రాలే చిన్న రాయి కూడా లోతు బావిలో ప్రాణం తీస్తుంది.

ఇనుప తాడు కొసను మడిచి యూ క్లాంపులు బిగించడం బావి క్రేన్ల దగ్గర మామూలు. అర అంగుళం తాడుకు కనీసం మూడు క్లాంపులు ఉండాలి. ఒక్కో దాని మధ్య దూరం తాడు లావుకు ఆరు రెట్లు ఉండాలి. క్లాంపులో యూ ఆకారపు కడ్డీ మడిచిన పొట్టి కొస మీద పడాలి. గాడి ఉన్న దిమ్మ బరువు మోసే పొడుగు తాడు మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే యూ కడ్డీ బరువు మోసే తాడునే నలిపేస్తుంది. బరువు పడ్డాక తాడు కొంత సన్నబడుతుంది, కాబట్టి మొదటి రోజే నట్లు మళ్లీ బిగించాలి.

ఎప్పుడు పక్కన పెట్టాలి?

పని మొదలుపెట్టే ముందు ప్రతిరోజూ బెల్టును చేతితో తడిమి, రెండు వైపులా తిప్పి చూడాలి. అంచు తెగినా, కుట్టు ఊడినా, కాలిన మచ్చ ఉన్నా, పీచు లేచినా, ముడి వేసి ఉన్నా అది వాడరాదు. పొట్టి చెయ్యడానికి ముడి వేస్తే ఆ ముడి దగ్గర బలం దాదాపు సగానికి పడిపోతుంది. కొన్ని బెల్టుల లోపల ఎర్ర దారం ఉంటుంది. అది పైకి కనిపించిందంటే బెల్టు ఆయుష్షు తీరిందన్నమాట.

ఇనుప తాడును వట్టి చేత్తో నిమరరాదు. చేతి తొడుగు వేసుకుని, పాత గుడ్డతో తుడుస్తూ పోతే తెగిన తీగలు గుడ్డను పట్టుకుంటాయి. అమెరికా ఇంజినీర్ల సంఘం ప్రమాణం ప్రకారం, స్లింగుకు వాడే మామూలు ఇనుప తాడులో ఒక మెలిక పొడవులో పది తీగలు తెగినా, ఒకే పురిలో అయిదు తీగలు తెగినా ఆ స్లింగును తీసేయాలి. మడత పడి నొక్కుకుపోయినా, పురులు విచ్చి బుట్టలా ఉబ్బినా, తుప్పు పట్టి గుంటలు పడినా అంతే.

పదునైన అంచుల దగ్గర బెల్టు కింద పాత టైరు ముక్క గాని, తగిన మెత్త గాని పెట్టాలి. గోనె సంచి చాలదు, ఇనుప అంచు దాన్ని కోసేస్తుంది. పని అయ్యాక బెల్టును ఎండలో వదిలేయకుండా నీడలో, నేలకు తగలకుండా వేలాడదీయాలి.

పనికిరాని బెల్టును ఏం చెయ్యాలన్నది అంతకంటే ముఖ్యం. పట్నంలో పక్కన పడేసిన బెల్టు ఎవరో ఒకరి చేత ఊరు చేరుతుంది. పారేస్తున్నారు కదా అని తెచ్చుకుంటారు. తెచ్చుకున్నవాడికి దాని చరిత్ర తెలియదు. అందుకే పనికిరాని బెల్టును మళ్లీ ఎవరూ వాడకుండా ముక్కలుగా కోసి పారేయాలన్నది నియమం. కోయడానికి చెయ్యి రాని యజమాని తనకు తెలియకుండానే ఇంకొకరి తల మీద బరువు వేలాడదీసినట్టే.

చట్టం ఏమంది?

బరువెత్తే యంత్రాలు, గొలుసులు, తాళ్ల మీద 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షనులోనే నియమాలు పెట్టారు. ప్రతి దాని మీద సురక్షితంగా మోయగల బరువు స్పష్టంగా రాసి ఉండాలని, పరీక్ష కోసం తప్ప దానికి మించి బరువు వేయరాదని, పన్నెండు నెలలకు ఒకసారైనా అర్హత గల వ్యక్తి క్షుణ్ణంగా తనిఖీ చేయాలని అందులో ఉంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వేరే చట్టం వచ్చింది. ఈ చట్టాలను 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక భద్రతా కోడ్‌లో కలిపారు. చట్టం పేరు మారినా హద్దు మీరిన తాడు గుణం మారదు.

పరీక్ష అన్నది కూడా పరాచికం కాదు. 2020 ఆగస్టు 1న విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక భారీ క్రేనుకు బరువు పరీక్ష జరుగుతుండగా అది కూలిపోయి 11 మంది మరణించారు. రోజువారీ పనిలో ఎంత జాగ్రత్త అవసరమో, హద్దును పరీక్షించే రోజున అంతకు ఎన్నో రెట్లు జాగ్రత్త అవసరమని ఆ దుర్ఘటన చాటింది. పరీక్ష జరిగే చోట అవసరం లేని మనిషి ఒక్కడు కూడా ఉండరాదు.

క్రేను మీద 20 టన్నులు అని రాసి ఉన్నా అది అన్ని చోట్లా 20 టన్నులు మోయదు. చెయ్యి చాచే కొద్దీ మోత తగ్గుతుంది. ఎంత దూరంలో ఎంత మోస్తుందో చెప్పే పట్టిక ఆపరేటరు దగ్గర ఉంటుంది. బెల్టు హద్దు, షాకిల్ హద్దు, కొక్కెం హద్దు, క్రేను హద్దు అన్నీ చూసి, అన్నింటిలోకీ తక్కువ ఏదో దాన్నే మొత్తానికి హద్దుగా తీసుకోవాలి.

ఆగు అనే హక్కు

సోమాజిగూడ, పంజాగుట్ట, అమీర్‌పేట రోడ్ల మీద ఇప్పుడు తలపై నుంచి మెట్రో రైళ్లు పోతున్నాయి. మియాపూర్ నుంచి అమీర్‌పేట వరకు 2017 నవంబరులోను, అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు 2018 సెప్టెంబరులోను రైళ్లు నడవడం మొదలైంది. యార్డుల్లో పోతపోసిన భారీ కాంక్రీటు ముక్కలను తెచ్చి, రద్దీ రోడ్డు నడుమ ఒకదాని పక్కన ఒకటి ఎత్తి పేర్చి ఆ దారి కట్టారు. రైలెక్కేవారికి ఆ ముక్కలను ఎత్తిన తాళ్లు గుర్తుండవు. ఏ తాడూ తెగని రోజు గురించి ఎవరూ చెప్పుకోరు. పని సవ్యంగా జరిగిందనడానికి అదే గుర్తు.

బరువెత్తే చోట క్రేనుకు సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. పదిమంది పది రకాలుగా చెయ్యి ఊపితే ఆపరేటరు ఎవరి మాట వినాలి? కాని ‘ఆగు’ అన్న సైగ మాత్రం ఎవరు చేసినా ఆపరేటరు ఆపి తీరాలి. నిన్న పనిలో చేరిన కూలీ చేసినా సరే. ఇది అంతటా ఒప్పుకున్న పద్ధతి. ఈ హక్కు ఉందని మన ఊళ్ల నుంచి పోయిన చాలామంది పిల్లలకు తెలియదు. తెలిసినా, మేస్త్రి కసురుకుంటాడేమో, కూలి పోతుందేమోనని నోరు మెదపరు.

అందుకే పట్నం పనికి పంపేటప్పుడు తల్లిదండ్రులు పిల్లలకు నాలుగు మాటలు చెప్పి పంపాలి. చీటీ లేని బెల్టు ముట్టకు. బరువెంతో అడక్కుండా కట్టకు. బెల్టు పరుచుకుంటే ఎత్తనివ్వకు. గాలిలో ఉన్న బరువు కిందికి ఎవరు పిలిచినా పోకు.

తెగేదాకా లాగవద్దని మన పెద్దలు తగాదాల విషయంలో చెప్పేవారు. బెల్టు విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. తగాదా తెగితే మళ్లీ పెద్దమనుషులు కూర్చుని అతకవచ్చు. తాడు తెగితే కింద ఉన్నవాడికి ఆ అవకాశం ఉండదు.